బమ్రోలిలో రవాణా వాహన డ్రైవింగ్ లైసెన్సు: ఖర్చు, రాబడి

కిరాయి బండి నడిపి బతకడానికి మోటారు వాహనాల చట్టం కింద పొందాల్సిన అర్హత పత్రమే రవాణా వాహన డ్రైవింగ్ లైసెన్సు. గుజరాత్‌లోని సూరత్ నగరానికి చెందిన బమ్రోలి ప్రాంతంలో మరమగ్గాలు, అద్దకం మిల్లులు, బట్టల మార్కెట్ల మధ్య సరుకు రాత్రింబవళ్లు తిరుగుతుంటుంది. మగ్గం పని మాని స్టీరింగ్ పట్టాలనుకునే వలస కార్మికుడికి ఈ కాగితం ఎంతకు వస్తుంది, తిరిగి ఎంత తెస్తుంది అన్నది ముఖ్యమైన లెక్క. ప్రాంతీయ రవాణా (ఆర్‌టీఓ) కార్యాలయంలో కట్టే రుసుము ఈ లెక్కలో చిన్న పద్దు. పోగొట్టుకున్న పనిదినాలు, శిక్షణ, బండి మీద అప్పు, బీమా పెద్ద పద్దులు. సుప్రీంకోర్టు 2017, 2024లలో ఇచ్చిన తీర్పుల తర్వాత తేలికపాటి బండ్ల విషయంలో ఈ లెక్క ఒక రకంగా, లారీలు, బస్సుల విషయంలో మరో రకంగా మారింది.

ప్రాంతం, సరుకు రాకపోకలు

బమ్రోలి ఒకప్పుడు సూరత్ పొలిమేరలోని గ్రామం. 2001 జనగణన దీన్ని పట్టణంగా లెక్కించింది. తర్వాత ఇది సూరత్ నగరపాలక సంస్థలో కలిసింది. పక్కనే పాండేసరా పారిశ్రామికవాడ, ఉధనా, భేస్తాన్ ఉన్నాయి. బమ్రోలిలో మరమగ్గాల షెడ్లు ఎక్కువ. వీటిని ఇక్కడ ‘ఖాతా’ అంటారు. ఖాతాలో నేసిన, ఇంకా రంగు పడని బట్ట ‘గ్రే’. దాన్ని ‘తాకా’లుగా చుట్టి టెంపోలకెక్కిస్తారు. అవి పాండేసరా మిల్లుల్లో అద్దకం, ముద్రణ పూర్తి చేసుకుని రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్లకు చేరతాయి. అక్కడ మూటలు కట్టిన సరుకు లారీల్లో దేశమంతటికీ వెళుతుంది.

ఒక బట్ట ముక్క ఊరు దాటేలోగా కనీసం మూడు కిరాయిలు పడతాయి. మొదటి రెండూ చిన్న బండ్లవి, మూడోది లారీది. లైసెన్సు విలువ ఈ గొలుసులో ఏ అంచె దగ్గర నిలబడతామన్నదాన్ని బట్టి ఉంటుంది.

సూరత్ నుంచి దూరప్రాంత రవాణాకు రెండు పెద్ద దారులున్నాయి. ముంబయి, అహ్మదాబాద్, ఢిల్లీల వైపు 48వ నంబరు జాతీయ రహదారి పోతుంది. హజీరా దగ్గర మొదలయ్యే 53వ నంబరు రహదారి ధూలే, నాగపూర్, రాయపూర్ మీదుగా తూర్పుకు సాగుతుంది. హజీరాలో రేవు, ఉక్కు, పెట్రోరసాయన కర్మాగారాలు ఉండటంతో భారీ వాహనాల డ్రైవర్లకు పని అక్కడా దొరుకుతుంది.

తెలుగు కార్మికులు

సూరత్ మరమగ్గాల్లో ఒడిశాలోని గంజాం జిల్లా వారి సంఖ్య పెద్దది. ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారితో పాటు తెలంగాణ నేతకార్మికులు కూడా ఉన్నారు. సోలాపూర్, భివండీ, ముంబయిలకు మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలి కుటుంబాల వలసలో సూరత్ కూడా ఒక మజిలీ. వరంగల్ మీదుగా పోయే చెన్నై–అహ్మదాబాద్ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌ను తెలుగు నేలతో కలుపుతోంది. నగరంలో తెలుగువారు లింబాయత్ వైపు గట్టిగా స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు ఏడు మాధ్యమాల్లో నడుస్తుంటే, వాటిలో తెలుగు ఒకటి.

సిరిసిల్లలో ‘సాంచా’ అని పిలిచే మరమగ్గాన్నే వీరు ఇక్కడా నడుపుతారు. కూలి మీటరు లెక్కన, షిఫ్టు పన్నెండు గంటలు. చెవులు దిమ్మెక్కే చప్పుడు, నూలు దుమ్ము, దీపావళికి మూతపడే షెడ్లు — వీటిని తట్టుకోలేక డ్రైవింగు వైపు చూసేవారున్నారు. పాత పద్ధతిలో ఈ మార్పు క్లీనరు పనితో మొదలవుతుంది. ‘ఉస్తాద్’ అని పిలిచే డ్రైవరు పక్కన కొన్నేళ్లు కూర్చుని, ఖాళీ రోడ్ల మీద స్టీరింగ్ అందుకుని, చివరికి లైసెన్సుకు వెళ్లేవారు. ఇప్పుడు చట్టం ఆ దారిలో డ్రైవింగ్ స్కూలును తప్పనిసరి మజిలీ చేసింది.

చట్టం ఏం చెబుతుంది

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చి, 1989 జులై 1 నుంచి అమలైంది. లైసెన్సు లేకుండా ఎవరూ బండి నడపరాదనీ, రవాణా వాహనానికి ప్రత్యేకంగా అనుమతి ఉండాలనీ 3వ సెక్షన్ చెబుతుంది. మామూలు కారుకు 18 ఏళ్లు నిండితే చాలు. రవాణా వాహనానికి 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఏడాది పాటు తేలికపాటి మోటారు వాహనం, అంటే ఎల్‌ఎంవీ లైసెన్సు ఉండాలి.

బరువును బట్టి బండ్లను మూడు తరగతులుగా చూస్తారు. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటనిది తేలికపాటిది. 7,500 నుంచి 12,000 కిలోల వరకు మధ్యతరహా. అంతకు మించితే భారీ. జనం నోట ‘హెవీ లైసెన్సు’ అనేది ఈ చివరి తరగతికి చెందినదే.

1989 కేంద్ర నిబంధనల ప్రకారం రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే షరతు ఉండేది. చిన్నప్పుడే మగ్గం ఎక్కినవారికి ఈ ఒక్క షరతే గుమ్మం దగ్గర అడ్డుపడేది. కేంద్ర ప్రభుత్వం 2019లో దీన్ని తొలగించింది. ఆ ఏడాదే వచ్చిన చట్ట సవరణతో రవాణా లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ప్రమాదకర సరుకులు మోసే బండ్లకు ఏడాదిగా ఉన్న గడువు మూడేళ్లయింది.

ఒక రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. కరీంనగర్‌లో తెచ్చుకున్న ఎల్‌ఎంవీ లైసెన్సు సూరత్‌లో బండి నడపడానికి పనికొస్తుంది. అయితే ఆటో, టాక్సీ వంటి ప్రయాణికుల బండ్లకు రాష్ట్రాలు తమ నిబంధనల కింద బ్యాడ్జి ఇస్తాయి. కొత్త లైసెన్సుకైనా బ్యాడ్జికైనా స్థానిక చిరునామా రుజువు అడుగుతారు. ఒకే గదిలో వంతులవారీగా పడుకునే అద్దె కార్మికుడికి పరీక్ష పాసవడం కంటే ఈ కాగితం సంపాదించడమే కష్టం.

సుప్రీంకోర్టు తీర్పులు: చిన్న బండ్లకు దారి సుగమం

ఎల్‌ఎంవీ లైసెన్సుతో చిన్న సరుకు బండిని కిరాయికి నడపవచ్చా అన్న ప్రశ్న చాలాకాలం బీమా కేసుల్లో నలిగింది. ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు లైసెన్సులో ‘ట్రాన్స్‌పోర్ట్’ ముద్ర లేదంటూ బీమా కంపెనీలు పరిహారం బాధ్యత నుంచి తప్పుకోజూసేవి. ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 జులైలో ఈ వాదనను తోసిపుచ్చింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి ఎల్‌ఎంవీ లైసెన్సు సరిపోతుందని చెప్పింది. ఆ తీర్పును అమలు చేయాలంటూ కేంద్ర రవాణా శాఖ 2018 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు సూచనలు పంపింది. తీర్పును పునఃపరిశీలించాలన్న వాదన రావడంతో వ్యవహారం రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. బజాజ్ అలయంజ్, రంభాదేవి కేసులో ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ఐదుగురు న్యాయమూర్తులు 2024 నవంబరు 6న పాత తీర్పునే ఖాయం చేశారు.

బమ్రోలి వీధుల్లో దీని ఫలితం సూటిగా కనిపిస్తుంది. తాకాలు మోసే చిన్న టెంపోలు దాదాపుగా ఈ బరువు హద్దులోనే ఉంటాయి. 2005లో మార్కెట్లోకి వచ్చి, ఈ ప్రాంతంలో ‘ఛోటా హాథీ’గా పేరుపడిన టాటా ఏస్ మొత్తం బరువు ఈ హద్దుకు చాలా కింద ఉంటుంది. 3,000 కిలోల లోపు సరుకు బండికి చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ కూడా అక్కర్లేదు. చిన్న సరుకు బండి నడపదలచినవారికి ప్రత్యేక రవాణా లైసెన్సు మీద పెట్టే ఖర్చు చాలావరకు తగ్గినట్టే.

లైసెన్సుకు అయ్యే ఖర్చు

కేంద్ర నిబంధనల్లోని రుసుములు 2016 డిసెంబరు 29న సవరణకు వచ్చాయి. ప్రధానమైనవి ఇవి:

• లెర్నర్ లైసెన్సు (ఎల్‌ఎల్‌ఆర్), ఒక్కో తరగతి వాహనానికి: రూ.150
• ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష: రూ.50
• డ్రైవింగ్ పరీక్ష, ఒక్కో తరగతికి: రూ.300
• లైసెన్సు జారీ: రూ.200
• ఉన్న లైసెన్సులో మరో తరగతి చేర్చడం: రూ.500
• పునరుద్ధరణ: రూ.200

ఏమీ లేని స్థితి నుంచి ఎల్‌ఎంవీ లైసెన్సు దాకా ఈ పద్దుల మొత్తం రూ.700. ఏడాది తర్వాత భారీ వాహనం చేర్చడానికి ఎల్‌ఎల్‌ఆర్, పరీక్షలు, చేర్పు రుసుము కలిపి మరో రూ.1,000. రెండూ కలిస్తే రూ.1,700. కార్డు, స్థానిక సేవా రుసుములు, వైద్య ధ్రువపత్రం దీనికి అదనం. రవాణా లైసెన్సుకు ఫారం 1ఏలో వైద్యుడి ధ్రువీకరణ ఉండాలి. అందులో కంటిచూపు, వినికిడి, రంగుల గుర్తింపు ప్రధానం. మగ్గాల చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసినవారికి వినికిడి పరీక్ష దగ్గర ఇబ్బంది ఎదురుకావచ్చు.

శిక్షణ ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. రవాణా వాహనానికి దరఖాస్తుతో పాటు గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 ధ్రువపత్రం జతచేయాలి. నిబంధనల ప్రకారం రవాణా వాహనాల శిక్షణ 30 రోజులకు, అందులో స్వయంగా బండి నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు. స్కూలు ఎంత వసూలు చేయాలో ప్రభుత్వం నిర్ణయించదు. బండి పెద్దదయ్యే కొద్దీ డీజిల్, టైర్లు, శిక్షకుడి జీతం పెరిగి ఆ భారం విద్యార్థి మీదే పడుతుంది. ఏజెంటు చేతుల మీదుగా వెళితే అతని కమీషనూ కలుస్తుంది.

2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలనే కొత్త ఏర్పాటు వచ్చింది. తేలికపాటి వాహనానికి నాలుగు వారాల్లో 29 గంటలు, భారీ వాహనానికి ఆరు వారాల్లో 38 గంటల పాఠం అక్కడ ఉంటుంది. అక్కడ పాసైనవారికి ఆర్‌టీఓలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు.

పరీక్ష, దానికి పట్టే రోజులు

గుజరాత్‌లో ఎల్‌ఎల్‌ఆర్ కోసం కంప్యూటర్ మీద 15 ప్రశ్నలు వస్తాయి, 11 సరిగా చెప్పాలి. ఈ పరీక్షలను 2019 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్‌టీఓల నుంచి ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు మార్చింది. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికొచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు హాజరుకావాలి.

సూరత్ ఆర్‌టీఓ కార్యాలయం తాపీ నదికి అవతలి ఒడ్డున పాల్ ప్రాంతంలో ఉంది. పరీక్ష కెమెరాలు, సెన్సర్లు గమనించే ట్రాక్ మీద జరుగుతుంది. పక్కన కూర్చునే అధికారిని మంచి చేసుకునే వీలు ఇక్కడ లేదు. బండి గీత తాకితే యంత్రమే నమోదు చేస్తుంది. వెనక్కి మళ్లించేటప్పుడు అద్దాలు చూడటం, ఎత్తు మీద ఆగిన బండి వెనక్కి జారకుండా క్లచ్ పట్టుకోవడం క్లీనరుగా ఏళ్లు గడిపినవారికి కూడా వేరుగా సాధన చేయాల్సినవే. తప్పితే కనీసం వారం ఆగి మళ్లీ రావాలి. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

షిఫ్టు కార్మికుడికి అసలు ఖర్చు ఇక్కడే ఉంది. గుజరాత్ ప్రభుత్వం 2023 మార్చిలో ప్రకటించిన కనీస వేతనాల్లో నగర ప్రాంతపు నైపుణ్యం లేని కార్మికుడికి నెలకు రూ.11,752, అంటే 26 పనిదినాలకు రోజుకు రూ.452. చిరునామా కాగితాలు, ఎల్‌ఎల్‌ఆర్, శిక్షణ, పరీక్షల కోసం మొత్తం పది పనిదినాలు పోయాయనుకుంటే నష్టం రూ.4,520. ప్రభుత్వ రుసుముల మొత్తానికి ఇది రెండున్నర రెట్ల పైమాటే. రాత్రి షిఫ్టు చేసి పగలు శిక్షణకు వెళ్లేవారు కూలి మిగుల్చుకుంటారు. నిద్ర చాలక స్టీరింగ్ దగ్గర తూగే ప్రమాదాన్ని మాత్రం కొనితెచ్చుకుంటారు.

జీతం మీద పనిచేసే డ్రైవరు రాబడి

అదే 2023 ప్రకటనలో నైపుణ్య కార్మికుడి కనీస వేతనం నెలకు రూ.12,324, అంటే రోజుకు రూ.474. డ్రైవరును సాధారణంగా నైపుణ్య కార్మికుడిగానే లెక్కిస్తారు. కనీస వేతనాల ప్రకారమే చూస్తే మూటలు మోసే సహాయకుడికీ డ్రైవరుకూ తేడా నెలకు రూ.572, రోజుకు రూ.22 మాత్రమే.

రుసుములు రూ.1,700, పోయిన కూలి రూ.4,520 కలిపి రూ.6,220 ఖర్చయిందనుకుందాం. ఈ తేడాతో అది తిరిగి రావడానికి దాదాపు 11 నెలలు పడుతుంది. శిక్షణకు మరో రూ.10,000 పెట్టారనుకుంటే 28 నెలలు దాటుతుంది. ఐదేళ్లు చెల్లే లైసెన్సులో దాదాపు సగం కాలం పెట్టుబడి రాబట్టుకోవడానికే సరిపోతుంది.

బయటి మార్కెట్ ఈ కనీస వేతనాన్ని దాటి చెల్లించినప్పుడే లైసెన్సుకు నిజమైన లాభం ఉంటుంది. టెంపో డ్రైవరు విషయంలో ఆ అదనం తక్కువ. ఎల్‌ఎంవీ ఉన్న ప్రతివాడూ పోటీదారే. సుప్రీంకోర్టు తీర్పు ఖర్చును తగ్గించినట్టే కొరతనూ తగ్గించింది, కొరత లేనిచోట బేరమాడే బలం ఉండదు. మీటరు లెక్కన చేతినిండా కూలి తెచ్చుకునే అనుభవజ్ఞుడైన నేతగాడు టెంపో ఎక్కితే ఆదాయం తగ్గే వీలు కూడా ఉంది.

లారీ, బస్సు, ట్యాంకర్ల దగ్గర పరిస్థితి వేరు. అక్కడ ప్రత్యేక లైసెన్సు లేనివారిని కూర్చోబెట్టే వీలు యజమానికి లేదు. లారీ డ్రైవరుకు జీతంతో పాటు ట్రిప్పు బత్తా ఉంటుంది. దారిలో తిండి, చిన్న ఖర్చులు పోగా మిగిలేది కొన్నిసార్లు జీతంతో సమానంగా లెక్కకొస్తుంది. సూరత్‌లో ఉధనా–సచిన్ మార్గంతో 2014లో మొదలైన బీఆర్‌టీఎస్ బస్సులు, నగర బస్సులు భారీ వాహన లైసెన్సు ఉన్నవారికి ఊళ్లోనే షిఫ్టు పని చూపిస్తున్నాయి. రాత్రి ఇల్లు చేరే వీలు ఉండటం కుటుంబంతో ఉన్నవారికి పెద్ద వెసులుబాటు.

హజీరా రసాయనాల ట్యాంకర్లకు ఇంకో మెట్టు ఎక్కాలి. ప్రమాదకర సరుకుల బండి నడపాలంటే మూడు రోజుల ప్రత్యేక శిక్షణ పొందాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదైనా ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. తెలుగు ఆ షెడ్యూలులోనే ఉంది కనుక తెలుగు బడిలో చదివినవారికి మొదటి షరతు తీరినట్టే. ఎనిమిదో తరగతి షరతు పోయినా చదువు విలువ పూర్తిగా పోలేదనడానికి ఇది ఉదాహరణ.

సొంత బండి లెక్క

చాలామంది లైసెన్సు తెచ్చుకునేది చివరికి సొంత బండి కొనడానికే. 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్రా పథకం కింద రవాణా వాహనాలకు కూడా పూచీకత్తు లేని రుణం దొరుకుతుంది. ప్రైవేటు ఫైనాన్సులో రుణం త్వరగా వస్తుంది, వడ్డీ మాత్రం బరువు.

ఉదాహరణకు రూ.5 లక్షల అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, 48 నెలల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు రూ.13,167. 7,500 కిలోల లోపు సరుకు లారీకి 2022 జూన్ నుంచి థర్డ్ పార్టీ బీమా ప్రీమియం, పన్ను కాకుండా, ఏడాదికి రూ.16,049. నెలకు రూ.1,337 పడుతుంది. యజమానే డ్రైవరైతే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోవాలి. దానికి ఏడాదికి దాదాపు రూ.750. మొత్తం కలిపి బండి కదిలినా కదలకపోయినా నెలకు సుమారు రూ.14,570 ఖాయంగా పోతుంది.

దీనికి నైపుణ్య కార్మికుడి కనీస వేతనం రూ.12,324 చేర్చితే రూ.26,894. నెలకు 26 రోజులు కిరాయి దొరికితే డీజిల్ లేదా సీఎన్‌జీ, రిపేర్లు, టోల్, హమాలీ అన్నీ పోను రోజుకు రూ.1,034 మిగలాలి. అప్పుడే ఇంకొకరి బండి నడిపే డ్రైవరుతో సమానమవుతారు. దీపావళికి మిల్లులు మూసినప్పుడు, ఎండాకాలంలో కార్మికులు ఊళ్లకు వెళ్లి మగ్గాలు తగ్గినప్పుడు కిరాయి 20 రోజులకు పడిపోతే ఆ మొత్తం రూ.1,345 అవుతుంది. బండి కొనే ముందు నెలకు ఎన్ని రోజులు సరుకు ఖాయంగా దొరుకుతుందో ఏదైనా ఖాతా యజమానితోనో మిల్లుతోనో మాట్లాడుకోవడం ఇందుకే అవసరం.

టైర్లు, బ్యాటరీ, ఫిట్‌నెస్ పరీక్ష ఈ లెక్కకు అదనం. కొత్త రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పాత బండి చౌకగా దొరికినా ఏటా కట్టే ఈ ఖర్చు, పని ఆగే రోజులు దాని వెంటే వస్తాయి.

ఆటో విషయంలో గుజరాత్ ప్రభుత్వం 2022 జూన్‌లో కనీస చార్జీని రూ.20గా, తర్వాత కిలోమీటరుకు రూ.15గా నిర్ణయించింది. మొదటి 1.2 కిలోమీటర్లు కనీస చార్జీలోనే వస్తాయి కనుక 5 కిలోమీటర్ల ప్రయాణానికి రూ.77 పడుతుంది. కార్మికవాడల్లో మాత్రం షేరు ఆటోలే ఎక్కువ. అక్కడ రాబడి మీటరు మీద కాక, ఎంతమంది ఎక్కారు, ఖాళీగా ఎంత దూరం తిరిగి వచ్చారు అన్నదాని మీద ఉంటుంది. యాప్ కంపెనీల కింద నడిపేవారికి కేంద్రం 2020 నవంబరు మార్గదర్శకాల్లో చార్జీలో కనీసం 80 శాతం డ్రైవరుకు దక్కాలని సూచించింది.

లైసెన్సు లేకపోతే పడే ఖర్చు

2019 సవరణ లైసెన్సు లేని డ్రైవింగుకు జరిమానాను రూ.5,000కు పెంచింది. గుజరాత్ ప్రభుత్వం ఆ ఏడాది సెప్టెంబరులో దాన్ని ద్విచక్ర వాహనాలకు రూ.2,000గా, ఇతర వాహనాలకు రూ.3,000గా తగ్గించింది. ఒక్కసారి పట్టుబడితే పోయే ఈ మొత్తం, ఎల్‌ఎంవీ నుంచి హెవీ దాకా కట్టే ప్రభుత్వ రుసుముల కంటే ఎక్కువ.

ప్రమాదం జరిగితే నష్టం ఇంకా లోతుకు పోతుంది. స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2004లో చెప్పిన సూత్రం ప్రకారం, డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోయినా బాధితుడికి ముందు బీమా కంపెనీ చేతే చెల్లింపజేయవచ్చు. యజమాని తప్పు రుజువైతే ఆ సొమ్మును కంపెనీ అతని నుంచి వసూలు చేసుకుంటుంది. కిరాయి బండి యజమాని డ్రైవరు లైసెన్సు గడువు తేదీ చూసి గానీ తాళం చేతికివ్వకపోవడానికి కారణం ఇదే. డ్రైవరు చేతిలోని కార్డు నిజానికి యజమాని ఆస్తికి కాపలా. జీతం మాట్లాడుకునేటప్పుడు డ్రైవరు వాడుకోదగిన బలం కూడా అదే.

లైసెన్సు ఉన్నవారికీ తప్పని ముప్పు ఇంకొకటి ఉంది. భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ రెండో భాగం, నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి మరణానికి కారణమై అధికారులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా శిక్ష పెట్టింది. దీనిపై 2024 జనవరి తొలి రోజుల్లో లారీ డ్రైవర్లు దేశవ్యాప్తంగా బండ్లు ఆపారు. సంఘాలతో సంప్రదించాకే అమలు చేస్తామని కేంద్రం ప్రకటించడంతో ఆందోళన సద్దుమణిగింది.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 4న వాహనమిత్ర పథకం మొదలుపెట్టి సొంత ఆటో, టాక్సీ, మ్యాక్సీక్యాబ్ నడిపేవారికి ఏటా రూ.10,000 ఇచ్చింది. 2025 అక్టోబరులో ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పేరుతో రూ.15,000 సాయం మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహిళలకు బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఆటోల కిరాయి పడిపోయిందని డ్రైవర్ల సంఘాలు ఆందోళనకు దిగాయి. లైసెన్సు మీద పెట్టిన ఖర్చు మారకపోయినా ఒక ప్రభుత్వ నిర్ణయంతో రాబడి ఎలా మారిపోతుందో ఈ రెండు రాష్ట్రాల అనుభవం చూపుతుంది. ఇలాంటి సాయం, ఇచ్చే రాష్ట్రంలో రిజిస్టరైన సొంత బండికే దక్కుతుంది. సూరత్‌లో నడిపే తెలుగు డ్రైవరుకు అది అందదు.

సిరిసిల్ల దగ్గర తంగళ్లపల్లి మండలం మండెపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో టైడ్స్ డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఏర్పడింది. సూరత్‌కు మగ్గం పనికి బయల్దేరే జిల్లాలోనే భారీ వాహన శిక్షణ దొరకడం నేతకుటుంబాల యువకులకు ప్రత్యామ్నాయ దారి. ఊళ్లో ఉండగానే లైసెన్సు తెచ్చుకుంటే చిరునామా రుజువు తిప్పలు, గది అద్దె రెండూ తప్పుతాయి. ఆ కార్డు సూరత్‌లోనూ చెల్లుతుంది.

విదేశాల్లో

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో డ్రైవర్లూ ఉంటారు. అక్కడ ఉద్యోగంగా బండి నడపాలంటే ఆ దేశపు లైసెన్సు తెచ్చుకోవాలి. ఇక్కడి లైసెన్సు, అనుభవం ఎంపికకు మాత్రం ఉపయోగపడతాయి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము రూ.30,000, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి రూ.35,400. అంతకు మించి అడిగితే చట్టవిరుద్ధం. బ్రిటన్, ఐరోపా దేశాల్లో లారీ, బస్సు డ్రైవర్లు ఐదేళ్లకోసారి 35 గంటల శిక్షణ పూర్తి చేయాలి. అమెరికాలో 2022 ఫిబ్రవరి 7 నుంచి భారీ వాహన లైసెన్సుకు ముందు గుర్తింపు పొందిన సంస్థలో ప్రాథమిక శిక్షణ తప్పనిసరైంది. కేవలం పరీక్ష పాసైతే చాలనే పద్ధతి నుంచి తప్పనిసరి శిక్షణ వైపు చాలాచోట్ల నడక సాగుతోంది. దాంతో ఖర్చు కూడా పెరుగుతోంది.

తూకం

బమ్రోలిలో ఈ లైసెన్సు లాభనష్టాలు మూడు విషయాల మీద తేలతాయి. మొదటిది బండి బరువు. 7,500 కిలోల లోపు సరుకు బండికి ఎల్‌ఎంవీ చాలు కనుక అదనపు లైసెన్సు కోసం ఖర్చుపెట్టడం కంటే ఆ సొమ్మును ట్రాక్ సాధనకు, ప్రయాణికుల బండైతే బ్యాడ్జికి పెట్టడం మేలు. రెండోది పాత ఆదాయం. షెడ్డులో సహాయకుడిగా ఉన్నవారికి డ్రైవింగు మెట్టు పైకే, చేయి తిరిగిన నేతగాడికి అది టెంపోతో కాక లారీతోనో బస్సుతోనో మాత్రమే పైమెట్టు. మూడోది అప్పు. సొంత బండిలో నష్టం లైసెన్సు వల్ల రాదు, సరుకు లేని రోజున కూడా ఆగని కిస్తీ వల్ల వస్తుంది.

భారీ వాహనాల పనిలో సౌకర్యాలు కూడా నెమ్మదిగా మారుతున్నాయి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. ఐదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకు అది వర్తించేది. ఒకటి రెండు లారీలున్న యజమానులు దాని పరిధిలోకి వచ్చేవారు కాదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరైంది. పన్నెండు గంటల మగ్గం షిఫ్టును వదిలి వచ్చే కార్మికుడు జీతం అంకెతో పాటు పని గంటలు, బత్తా, ఇంటికి చేరే రోజులు కూడా అడిగి తెలుసుకున్నాకే హెవీ లైసెన్సుకు డబ్బు కట్టడం మంచిది.